లోపలికి వంగిన అంచు

నోటీసు తెచ్చిన పోస్టుమాన్ మూడంతస్తుల ఇనుపమెట్లు ఎక్కే ఓపిక లేక కిందినుంచే కేకేశాడు.

"పళ్ళేలక్కా! బరువైన కవరొచ్చింది. శుభలేఖ మాత్రం కాదు, సంతకం అడుగుతోంది. దిగిరా!"

ఆ సందులో ఆమెను అందరూ పిలిచే పేరు అదే. వేళ్ళకు అంటిన ప్లాస్టిక్ పొడిని చీరకొంగుకు తుడుచుకుంటూ ఆమె దిగివచ్చింది. అతను చూపించిన గడిలో సంతకం చేసి, మెట్ల మీదే కూర్చుని కవరు చించింది. ఆరు పేజీలు. మొదటి పేజీలోనే ఆమెకు ఇంకో పేరు పెట్టారు: ప్రతివాది.

ఆ ఆరు పేజీల సారాంశం ఇది. ఒక వైపు అంచు ఎత్తుగా లేచి లోపలికి వంగి ఉండే, ఒంటిచేత్తో భోజనం చేయడానికి అనువైన పళ్ళెం ఆకృతి బజారులోని సర్జికల్ సామాన్ల దుకాణం యజమాని పేరున రెండేళ్ళ కిందట నమోదైంది. ప్రతివాది దానిని అనుమతి లేకుండా అనుకరిస్తున్నది. పదిహేను రోజుల్లో తయారీ మానుకోవాలి. అచ్చులను, మిగిలిన సరుకును అప్పగించాలి.

ఆమె రెండుసార్లు చదివింది. మూడోసారి వేలు పెట్టి చదివింది. అప్పుడు, నిజం చెప్పాలంటే, నవ్వొచ్చింది. కన్నతల్లిని పట్టుకుని పిల్లను ఎక్కడ దొంగిలించావని అడిగితే ఎవరికైనా మొదట వచ్చేది నవ్వే. ఏడుపు తీరిక చేసుకుని తర్వాత వస్తుంది.

ఆ పళ్ళెం పుట్టి ఆనాటికి ఏడేళ్ళు. అంతకుముందు ఆమె పదకొండేళ్ళు ఒక ప్యాకింగ్ షెడ్డులో పనిచేసింది. మాత్రల పెట్టెల్లో గుంటలు గుంటలుగా ఉండే పలుచని ట్రేలు అక్కడ తయారయ్యేవి. ప్లాస్టిక్ షీటును చట్రంలో బిగించడం, వేడికి మెత్తబడగానే అచ్చు మీదికి దించడం, కింద గాలి లాగే పంపు నొక్కడం ఆమె పని. గాలి పోయేసరికి షీటు అచ్చును తడిబట్టలా కరుచుకుంటుంది. చల్లారాక ఊడదీస్తే అదే ఆకారం. షెడ్డు మూతపడ్డాక ఆమె చేతుల్లో మిగిలింది ఆ ఒక్క విద్యే.

భర్త పోతపని కర్మాగారంలో కొయ్య అచ్చులు చెక్కేవాడు. లోహాన్ని పోయడానికి ముందు దాని రూపాన్ని చెక్కలో చూపించే పని. ఒకరోజు పనిలో ఉండగానే కుప్పకూలాడు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చింది సగం మనిషి. కుడిచెయ్యి పడిపోయింది, నాలుక సగం మొద్దుబారింది. చెయ్యి పోయినందుకు ఆయన ఏడవలేదు. ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినబోతే, తరిమే కొద్దీ పారిపోయే ముద్ద పళ్ళెం అంచు దాటి ఒళ్ళో పడేది. ఆ ముద్దను చూసి ఏడ్చాడు. ఆమె తినిపించబోతే పెదవులు బిగించేవాడు.

"నోరు తెరవండి. నేనేం పరాయిదాన్నా?"

"నువ్వు పరాయిదానివి కావు. నేనే చంటిపిల్లాణ్ణి కాను," అన్నాడు. ఆ రెండు మాటలకీ పావుగంట పట్టింది.

ముద్ద పారిపోకుండా ఒక గోడ కావాలి. గోడ నిటారుగా ఉంటే చెంచా నెట్టిన తిండి దాని మీదికి ఎక్కి అవతల పడుతుంది. లోపలికి వంగి ఉంటే తిరిగి చెంచాలోకే పడుతుంది. సంగతి అంతే. ఇంత చిన్న సంగతిని అంతకుముందు ఎవరూ ఎందుకు పట్టించుకోలేదో ఆమెకు తెలియదు. బహుశా ఆలోచించగలిగినవాళ్ళందరికీ రెండు చేతులూ ఉండి ఉంటాయి.

వంటగది గట్టు మీద ఆమె ఒక యంత్రం కట్టింది. పాత ఓవెన్ తీగచుట్టలు విప్పి రేకుపెట్టె లోపల పరిచింది. తుక్కు కొట్టులో దొరికిన వాక్యూమ్ క్లీనరు గొట్టాన్ని, పైపలక నిండా చిల్లులు పొడిచిన చెక్కపెట్టెకు తగిలించింది. షీటు బిగించే చట్రానికి ఫైళ్ళ క్లిప్పులు. ఎదురింట్లో ఇస్త్రీపెట్టె పెడితే తీగచుట్టలు ఎర్రబడడం మానేసేవి. అందుకని ఆమె ముందు కిటికీలోంచి ఎదురింటిని అడిగి, తర్వాత స్విచ్చి వేసేది.

అచ్చు మాత్రం ఆయన విద్య. చెక్కాల్సింది ఆమె చెయ్యి. కుర్చీలో కూర్చుని ఆయన ఎడమచేత్తో గాలిలో గీతలు గీసేవాడు, ఆమె ఉలి పట్టేది.

"అలా పట్టుకుంటే తెగేది చెక్క కాదు, వేలు."

"తెగితే ఇద్దరం కలిసి ఒక పళ్ళెంలో తిందాం లెండి."

"నవ్వకు. చెయ్యి వణుకుతోంది."

మొదటి పళ్ళెం అచ్చుకు తాళం వేసినట్టు పట్టేసింది. అంచు లోపలికి వంగింది కాబట్టి ఊడిరాలేదు. బ్లేడుతో కోసి తీయాల్సి వచ్చింది. ఆమె నీరసపడిపోయింది. ఆయన ఆ పూటంతా కోసిన ముక్కల్నే తిప్పి తిప్పి చూశాడు. మర్నాడు పొద్దున, పళ్ళు తోముకోకముందే, మూడు వేళ్ళు చూపించాడు. "మూడు ముక్కలు. మధ్యది చీల. కిందినుంచి చీల లాగితే పక్కముక్కలు లోపలికి జరుగుతాయి." అలాగే చేశారు. చీల లాగగానే రెండు పక్కలూ దగ్గరకు జరిగి, పళ్ళెం పువ్వు రాలినంత తేలిగ్గా చేతిలోకి వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆయన ఎవరి సాయమూ లేకుండా కడుపునిండా తిన్నాడు. తిన్నాక పళ్ళాన్ని ఎత్తి, అంచు వంపును బొటనవేలితో తడిమి, "ఇక్కడ కొంచెం గరుకుంది," అన్నాడు. ఆయన నోటి మెప్పు ఎప్పుడూ ఆ మోతాదులోనే ఉంటుంది.

ఫిజియోథెరపీ గది బయట బల్ల మీద, వంతు కోసం కూర్చున్నవాళ్ళ మధ్య ఆ పళ్ళెం చేతులు మారింది. మాకొకటి, మా మామగారికొకటి అన్నారు. ఆమె ఒక నియమం పెట్టుకుంది: పగిలిన పళ్ళెం తెచ్చిస్తే కొత్తది ఊరికే. మరీ వేడినీళ్ళతో కడిగితే వంపు దగ్గర చీలుతుందని ఆమెకు తెలుసు. తప్పు కడిగినవాళ్ళది కాదని, ఆ వంపు దగ్గర షీటు సాగి పలచబడడం తన పనిలోని లోపమని ఆమె లెక్క. పగిలినవి గోనెసంచిలో వేసి పాత సామాన్లవాడికి ఇచ్చేసేది. అలా ఏడేళ్ళు.

దుకాణం యజమాని రెండో ఏడాది వచ్చాడు. చక్రాల కుర్చీలు, నడుముపట్టీలు అమ్మే మనిషి. మెట్లెక్కి ఆయాసపడుతూనే, "చెల్లెమ్మా, నీ చేతిలో దేవుడున్నాడు," అన్నాడు. ఆనాటి నుంచి నెలకు ఇన్నని తీసుకుపోయేవాడు. బావగారూ అంటూ భర్తను పలకరించేవాడు. అబద్ధం చెప్పకూడదు, ఆ ఇంటికి వచ్చి ఆయన మాట పూర్తయ్యేదాకా ఓపిగ్గా వినే మనుషుల్లో అతనూ ఒకడు. మోసం మొరటుగా ఉంటుందనుకునేవాళ్ళు దాన్ని దగ్గరగా చూడనివాళ్ళు.

నాలుగో ఏడాది ఒక మాట అడిగాడు. "పళ్ళెం మధ్యలో మా షాపు గుర్తు వేస్తే బాగుంటుంది చెల్లెమ్మా. పళ్ళెం పగిలినవాళ్ళు నీ మెట్లెక్కే పనిలేకుండా మా దగ్గరికే తెస్తారు. పాపం, నడవలేనివాళ్ళు కదా."

వలయంలో అరచెయ్యి, అదీ గుర్తు. నడవలేనివాళ్ళన్న మాట ఆమెను పట్టుకుంది. అచ్చు నడినెత్తిన గుర్తు చెక్కాలంటే వలయం చీల మీదుగా, రెండు పక్కముక్కల మీదుగా పోవాలి. ముక్కలు ఒక్క వెంట్రుక జరిగినా గీత తెగుతుంది. ఆలుమగలిద్దరూ నాలుగు రోజులు ఆ వలయం గురించే కొట్టుకున్నారు. గీత కలుస్తుందా కలవదా అన్నదే ఇద్దరి చింత. గీత కలిసింది. ఆయన తొలిసారిగా, గరుకు సంగతి ఎత్తకుండా, "బాగుంది," అన్నాడు. ఆ గుర్తు ఎవరిదన్న ఆలోచన ఇద్దరిలో ఏ ఒక్కరికీ రాలేదు. పనిమంతుల పొరపాటు ఇలాగే ఉంటుంది. ఎంత నున్నగా చెక్కామన్నదే వాళ్ళు చూస్తారు, అది ఎవరి మెడకు చుట్టుకుంటుందన్నది చూడరు.

నోటీసు సంగతి విని ఆడపడుచు పరుగున వచ్చింది. టికెట్ల కౌంటరులో పదిహేనేళ్ళు కూర్చున్న మనిషి, నోరు ఊరుకోదు.

"చెల్లెమ్మా చెల్లెమ్మా అంటుంటే అప్పుడే అన్నాను వదినా, రక్తం పంచుకోని అన్నయ్య ఆస్తి పంచుకుంటాడని!"

"ఎప్పుడన్నావే?"

"మనసులో అన్నాను. ఇప్పుడు పైకి అంటున్నా. పద, లాయరు దగ్గరికి."

ఉచిత న్యాయసహాయం కింద దొరికిన వకీలు పెద్దమనిషి. బల్ల మీద ఫైళ్ళు నడుమెత్తు పేరుకుని ఉన్నాయి. ఆమె ఫైలును తలకిందులుగా తెరిచి, సరిచేసుకుని, ఒక మంచిమాట చెప్పాడు. నమోదుకు ముందే బజారులో అమ్ముడైన వస్తువును ఎవరూ కొత్తదిగా నమోదు చేసుకోకూడదు. అలా చేసుకుంటే ఆ నమోదు చెల్లదు. చట్టంలో స్పష్టంగా ఉంది.

"అయితే గెలిచినట్టేనా సార్?" అంది ఆడపడుచు.

"అమ్మినట్టు రుజువుంటే. రసీదులు?"

"రసీదులెక్కడివండీ? బల్ల మీద కూర్చుని అమ్మాం."

"పాత పళ్ళెం ఉందా? గుర్తు లేనిది? గుర్తున్నవి పనికిరావు. అవన్నీ అతనివేనని అతనే చూపిస్తాడు. గుర్తు లేని పళ్ళెం ఒకటి, దాన్ని ఎప్పుడు కొన్నారో చెప్పగలిగిన మనిషి ఒకరు. ఈ రెండూ తెండి."

ఇంట్లో వెతికితే ఒక్కటీ లేదు. భర్త పళ్ళాన్ని కూడా ఆమె ఏడాదికోసారి మార్చేది. అచ్చు మీద కూడా పాత రూపం లేదు, వలయం చెక్కాక అది వలయం ఉన్న అచ్చే. చేతితో రాసుకున్న చిరునామాల చీటీలు వెతికి పట్టుకుని వదినామరదళ్ళు బయల్దేరారు. పద్దెనిమిది ఇళ్ళు. మొదటి ఇంట్లో కోడలు మెరిసే పళ్ళెం తెచ్చి చూపించింది.

"పాతది ఎక్కడుంటుందక్కా? పగిలిందంటే మీరే కదా మార్చి ఇచ్చారు. ఈ రోజుల్లో అలా ఎవరిస్తారు!"

అది మెచ్చుకోలు. మూడో ఇంట్లో, ఐదో ఇంట్లో, తొమ్మిదో ఇంట్లో అదే మెచ్చుకోలు. ప్రతి ఇంట్లోనూ తళతళలాడే పళ్ళెం, దాని నడుమ వలయంలో అరచెయ్యి. రెండిళ్ళలో పళ్ళెం వాడిన మనిషి పోయాడు, మనిషితో పాటు మంచం, పళ్ళెం కూడా బయటికి పోయాయి. తన సాక్ష్యాన్ని తనే ఏడేళ్ళుగా గోనెసంచుల్లో నింపి పంపించిందని పన్నెండో ఇంటి మెట్ల మీద ఆమెకు అర్థమైంది.

పదహారో ఇల్లు ఒక రిటైర్డు లెక్కల మాస్టారిది. భార్య కిందటేడు పోయింది. ఆయన్ని చూసుకునే మనిషి కొత్తది, చేరి ఆరునెలలైంది. మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని తింటున్నారు. ఆమె చూపు మనిషి కన్నా ముందు పళ్ళెం మీద పడింది. ముదురు తేనెరంగుకు తిరిగింది. అంచు మీద తన తొలినాళ్ళ వంకర కత్తిరింపు. మాస్టారు ఆఖరి ముద్ద తీసుకున్నారు. పళ్ళెం నడుమ ఏమీ లేదు. ఖాళీ.

ఆమె నేల మీద చతికిలబడి మాస్టారి మోకాలు పట్టుకుంది.

"మాస్టారూ, గుర్తున్నానా? ఏడేళ్ళ కిందట పిన్నిగారు నా దగ్గర కొన్నారు. ఫిజియోథెరపీ గది బయట. ఔనా?"

మాస్టారు గట్టిగా తలూపారు. కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి.

"చల్లనీళ్ళతోనే కడగమని పోతూపోతూ కూడా చెప్పిందట ఆ తల్లి," అంది చూసుకునే మనిషి. తర్వాత గొంతు తగ్గించింది. "కానీ ఒక సంగతమ్మా. మాట పడిపోయాక ఏది అడిగినా అలాగే ఊపుతారు. కాఫీ తాగుతారా అంటే ఊపుతారు, వద్దా అన్నా ఊపుతారు."

"మనం అడిగేది నిజమే కదా," అంది ఆమె. "నిజానికి తలూపితే చాలు."

ఆ వారం రోజులు ఆమె బాగా నిద్రపోయింది.

విచారణ గది పాత భవనం వెనకవైపు. ఒక ఫ్యాను తిరుగుతోంది, ఇంకొకటి తిరగడం లేదు. విచారణాధికారికి జలుబు, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు తాగుతున్నాడు. దుకాణం యజమాని ఆమెను చూడగానే లేచి వచ్చాడు. "బాగున్నావా చెల్లెమ్మా? బావగారిని ఎందుకు శ్రమపెట్టావు?" అని తనే కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టాడు. ఆడపడుచు ఆ కుర్చీని రుమాలుతో తుడిచింది.

మొదట భర్తను పిలిచారు. అచ్చు ఎలా పుట్టిందో ఆయన చెప్పబోయాడు. మూడు వేళ్ళు చూపించి, చీల లాగినట్టు ఎడమచెయ్యి కిందికి లాగాడు. ఆ ఒక్క లాగుడులో ఆ పళ్ళెం పుట్టుక మొత్తం ఉంది, చూడగలిగితే. టైపు చేసే అమ్మాయి అధికారి వైపు చూసింది. అధికారి దయగానే చెప్పాడు: "అస్పష్టం అని రాయండి." ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే మాట రాశారు.

తర్వాత ఆమె. అవతలి వకీలు గుర్తున్న పళ్ళెం ఒకటి ఎత్తి పట్టుకున్నాడు.

"ఇది మీరు చేసిందేనా?"

"నేనే చేశాను."

"నడుమ ఉన్న గుర్తు ఎవరిది?"

"అన్నయ్యగారి షాపుది."

"ఎవరు చెక్కారు?"

"నేనే."

"ఎవరైనా బలవంతపెట్టారా?"

"లేదండీ. గీత కలవడానికి నాలుగు రోజులు పట్టింది."

ఆ చివరి మాట ఆమె గర్వంగానే అంది. గదిలో ఒకరిద్దరు నవ్వారు.

చివరికి మాస్టారిని చక్రాల కుర్చీలో తెచ్చారు. ఆమె వకీలు తేనెరంగు పళ్ళాన్ని ఆయన ఒళ్ళో పెట్టి అడిగాడు: ఏడేళ్ళ కిందట ఈమె దగ్గర కొన్నదేనా? మాస్టారు తలూపారు. ఆమె ఊపిరి పీల్చుకుంది.

అవతలి వకీలు లేచాడు. అతని గొంతు చాలా మెత్తన.

"మాస్టారూ, నమస్కారం. ఈ పళ్ళెం మీరు కిందటి నెల తెప్పించుకున్నారు కదా?"

మాస్టారు తలూపారు.

"మా దుకాణంలోనే కదా?"

తలూపారు.

"గుర్తును మీరే గీకేశారు కదా?"

తలూపారు. ప్రతిసారీ అంతే గట్టిగా, అంతే ఆదరంగా. ఇంటికి వచ్చిన ప్రతివాడినీ కూర్చోమన్నట్టుగా.

"ఆయన దేనికైనా అలాగే ఊపుతారండీ!" అని ఆమె అరిచింది.

"మేము చెప్పేదీ అదే," అన్నాడు వకీలు. కూర్చున్నాడు.

రంగు చూడండి, అంది ఆమె. ఏడేళ్ళు వాడితేనే ఆ రంగు వస్తుంది. ఎండలో పెడితే కొద్ది రోజుల్లోనే వస్తుందన్నారు అవతలివాళ్ళు. పరీక్షకు పంపమని తన వకీలు అడిగితే సరిపోయేది. దానికి ముందుగా దరఖాస్తు పెట్టాలట. గడువు దాటిపోయిందట. ఆ సంగతి అతను నేల చూస్తూ చెప్పాడు. ఆ పళ్ళెం అవసరమైన మనుషులందరూ ఒక చెయ్యో, సగం నాలుకో పోగొట్టుకున్నవాళ్ళు. అందుకే వాళ్ళకు ఆ పళ్ళెం కావాల్సి వచ్చింది, అందుకే వాళ్ళ సాక్ష్యం చెల్లకుండా పోయింది. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూసే పని ఆ గదిలో ఎవరి ఉద్యోగంలోనూ లేదు. చట్టానికి కళ్ళు లేవంటారు. అది అబద్ధం. నడుమ చెక్కిన గుర్తును అది గది అవతలి గోడ దగ్గర నుంచే చదవగలిగింది.

ఉత్తర్వు పదకొండు పేజీలు. అందులో పని చేసింది ఒక్క వాక్యమే: పూర్వవిక్రయము నిరూపణ కాలేదు.

"నిరూపణ కాలేదంటే జరగలేదని కాదమ్మా," అన్నాడు వకీలు ఓదార్పుగా.

"అయితే జరిగిందని రాయమనండి," అంది ఆడపడుచు.

"అలా రాయరు."

"మరి ఏం కాలేదని ఇన్ని కాగితాలు ఎందుకండీ?"

పైకి అప్పీలు ఉందన్నాడు. అక్కడ కూడా ఈ కాగితాలనే చూస్తారన్నాడు. ఇవే కాగితాలైతే ఇదే మాట వస్తుందని ఆమెకు లాయరు చదువు చదవకుండానే తెలిసింది.

వరండాలో యజమాని ఎదురొచ్చాడు. మొహంలో గెలిచిన మిడిసిపాటు లేదు, నొచ్చుకున్నట్టే ఉన్నాడు.

"వ్యాపారం వేరు, మనం వేరు చెల్లెమ్మా. మన షెడ్డుకి వచ్చెయ్. నీ చేతికి తెలిసిన పనే. కుర్చీ వేసి కూర్చోబెడతాను."

ఆడపడుచు ఊరుకోలేదు. "కన్నబిడ్డకి ఆయాగా రమ్మంటున్నాడు వదినా. పైగా కుర్చీ వేస్తాడట!"

"రాను," అంది ఆమె.

అప్పగింతకు ఉత్తర్వులో ఇచ్చిన గడువులో ఇంకా నాలుగు రోజులు ఉండగా ఒక నడివయసు మనిషి మెట్లెక్కి వచ్చింది. చేతిలో దుకాణం పళ్ళెం, కొత్తది, బరువైనది, నడుమ గుర్తు మిలమిలలాడుతోంది.

"అక్కా, మా ఆయన ఇందులో తినలేకపోతున్నాడు. ముద్ద గోడెక్కి అవతల పడుతోంది. నీ పళ్ళెంలో ఇలా ఉండేది కాదు."

ఆమె అంచు మీద బొటనవేలు పోనిచ్చింది. నిటారుగా ఉంది. వంపు లేదు. కారణం ఆమెకు ఒక్క క్షణంలో తెలిసింది. వంపు ఉంటే అచ్చును మూడు ముక్కలు చేయాలి, ప్రతి పళ్ళానికీ చీల లాగాలి, తిరిగి పెట్టాలి. షెడ్డులో అంత తీరిక ఉండదు. నిటారుగా ఉంటే టపటపా ఊడివస్తాయి. వంపును తన సొంతమని నమోదు చేయించుకున్న మనిషి వంపు చేయడం లేదు. చేయగలిగిన మనిషికి చేసే హక్కు లేదు.

"ఒక్కటి చేసిపెట్టవా అక్కా?"

ఆమె వకీలుకు ఫోను చేసింది. అమ్మను సార్, ఊరికే ఇస్తాను, ఒక్కటి.

"ఊరికే ఇచ్చినా తయారీ తయారీయేనమ్మా," అన్నాడతను. "ఫిర్యాదు చేస్తే ఇల్లు సోదా చేస్తారు. మీవారి పరిస్థితి చూసుకోండి."

వచ్చిన మనిషి గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది. "పోనీలే అక్కా, ఇంకేదో చూస్తాం," అంది. అటువంటివాళ్ళకు ఇంకేదీ ఉండదని ఇద్దరికీ తెలుసు. మెట్లు దిగుతున్న చప్పుడు పోయేదాకా భర్త గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత, చాలా స్పష్టంగా, ఏ అధికారి అయినా రాసుకోగలిగినంత స్పష్టంగా, "ఇచ్చెయ్," అన్నాడు. "ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు."

విచారణ జరిగిన భవనంలోనే, అప్పగింత కిటికీ ముందు ఆమె గంటన్నర నిలబడింది. గుమాస్తా ఒక్కొక్కటే చూసి రాసుకున్నాడు. పళ్ళేలు ముప్పై ఒకటి. చట్రం ఒకటి. అచ్చును మూడు ముక్కలుగా బల్ల మీద పెడితే అటూఇటూ తిప్పి, "కొయ్యముక్కలు, మూడు," అని రాశాడు.

"అది అచ్చండీ."

"ఇందులో అచ్చు ఏది?"

"మూడూ కలిస్తే అచ్చు."

"మూడుంటే మూడని రాయాలమ్మా." రాసింది కొట్టేయలేదు. తర్వాత ఫారం తీశాడు. "వృత్తి?"

"పళ్ళేలు చేస్తాను."

గుమాస్తా కలం ఆపాడు. వయసులో పెద్దవాడు, ఆమె మంచి కోరే చెప్పాడు. "అలా రాస్తే ఇంకా చేస్తున్నట్టు అవుతుంది. ఉత్తర్వు ఉల్లంఘన కింద మళ్ళీ పిలుస్తారు."

"చేసేదాన్ని అని రాయండి."

"గడిలో అంత చోటు లేదు. గృహిణి అని రాస్తాను, గొడవ ఉండదు."

రాశాడు. ఆమె కింద సంతకం పెట్టింది. అతను పళ్ళేలను ఒక సంచిలో నింపి, ముక్కల్లో రెండింటిని దాంట్లోనే దోపి, మూడోది పట్టకపోతే పక్కనే ఉన్న ఇంకెవరిదో పెట్టెలో పడేశాడు.

"బాబూ, అవి మూడూ ఒకచోటే ఉండాలి. విడిపోతే ఇంక ఎవరూ కలపలేరు."

"ఎవరు కలుపుతారమ్మా ఇంక?" అన్నాడు, వెటకారంగా కాదు, నిజంగానే తెలియక.

కట్టడానికి తాడేమైనా ఉందా అని ఆమె అడిగింది. అతను సొరుగు లాగి చూసి, లేదన్నాడు. వెనకనున్న మనిషిని ముందుకు రమ్మన్నాడు.